మేత ముట్టని గొర్రెలు

ఫ్రీమాంటిల్ రేవుకు గంట దూరంలో, ఓడల్లో విదేశాలకు పంపే గొర్రెలను ఉంచే దొడ్డి అది. బ్రోన్విన్ పొద్దున్నే పనికి వచ్చేసరికి, తను నీలిరంగు పూసి వేరుగా ఉంచిన నలభై గొర్రెలూ కనిపించలేదు. మేనేజరు డెస్ గేటు దగ్గర టీ తాగుతున్నాడు.

“డెస్, నా నీలిమచ్చ గొర్రెలేవి?”

“లారీ ఎక్కాయి. ఈపాటికి ఓడలో ఉంటాయి.”

“అవి ఆరు రోజులుగా మేత తొట్టి దగ్గరికే రాలేదు. పచ్చిక తప్ప ఎరగని జీవాలు. ఈ ఇరుకుకీ, ఈ రొదకీ బెదిరిపోయి నోరు కట్టేసుకున్నాయి. మళ్లీ బీడుకి తోలేద్దామని చెప్పానా లేదా?”

“ఆకలేస్తే అవే తింటాయిలే, అమ్మాయ్.”

“నేలమీదే తిననివి, ఊగే ఓడలో తింటాయా? మూడు వారాల ప్రయాణం. దారిలోనే చస్తాయి.”

“చస్తాయి. ఇక్కడ చస్తే తప్పు నాది. సముద్రంలో చస్తే ఓడవాళ్లది.”

“అంటే, తెలిసే పంపావా?”

“మరి? ఆరువేల మందలో తిననివి ఏవో నేనెక్కడ వెతికేది? నువ్వు రంగేసి పెట్టావు గనక, ఇక్కడ చావకముందే అరగంటలో ఎక్కించేశాను.”



“నాలుగు రోజులు తొట్ల పక్కనే కూర్చుని ఒక్కొక్కదాన్నీ కనిపెట్టాను, డెస్. బతికించుకుందామని.”

“తెలుసు. పైవాళ్లకి నీ పేరే చెప్పాను, మెచ్చుకున్నారు. రేపు కొత్త మంద దిగుతోంది. వాటికీ రంగెయ్యి.”

“చచ్చినా వెయ్యను.”

“వెయ్యకపోతే మానెయ్. తినేవాటితో పాటు తిననివీ ఎక్కుతాయి.”