ఊదని క్లారినెట్

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక కాలేజీ హాల్లో స్కూలు బ్యాండు పిల్లలు ఒక్కొక్కరే వాయించి ప్రొఫెసర్ దగ్గర తప్పులు దిద్దించుకుంటున్నారు. తలుపు బయట తన వంతు కోసం నిలబడ్డ బ్రెన్నా దగ్గరికి ఆయనే వచ్చి, ఆమె క్లారినెట్ అందుకుని, ఊదేటప్పుడు పెదవికి తగిలే రీడుని, ఆ సన్నటి రెల్లు బద్దని, వేలితో తాకి చూశాడు.

“రీడు తడవనే లేదేంటమ్మా?”

“ఇప్పుడే మార్చాను సార్.”

“పొద్దున అందరితో కలిసి వాయిస్తుంటే చూశాను. వేళ్లు చక్కగా ఆడాయి. ఊపిరి మాత్రం ఒక్కసారీ తీసుకోలేదు.”

“మా బ్యాండు మాస్టారికి చెప్పేస్తారా?”

“ఎప్పటి నుంచి ఊదట్లేదు?”

“క్రిస్మస్ కచేరీలో నా క్లారినెట్ కీచుమన్నప్పటి నుంచి. అందరూ బాతు, బాతు అని ఏడిపించారు. ఇప్పుడు వాళ్ల ముందే ఒక్కదాన్నే ఊదాలంటే... నా వల్ల కాదు సార్.”

“అయితే రీడు తడుపుకుని ఇక్కడే ఊదు.”

“లోపలికి వినిపిస్తుంది!”

“వినిపించనీ.”

ఊదింది. కీచుమంది. “బాతొచ్చిందిరోయ్!” అని లోపలెవరో అరిచారు. నవ్వులు. బ్రెన్నాకి కళ్లు నిండాయి.

“పెదవి అంత బిగించకు. కడుపునిండా ఊపిరి తీసుకో. ఊఁ, మళ్ళీ.”

ఈసారి స్వరం సన్నగా మొదలై, వణికి, నిలబడింది. లోపల నవ్వులు సద్దుమణిగాయి.

“పద, నీ వంతే.”

“ఉండండి సార్,” అంది బ్రెన్నా, కళ్లు తుడుచుకుంటూ. “ఇంకొక్కసారి ఊదనివ్వండి.”