కోడలి చేతి మేత

ఇదేం మర్యాదే? అత్తగారు ఇంత ఎండలో బస్సు దిగి నడిచొస్తే గుమ్మంలోనే నిలబెడతావా? సరే, రానివ్వకు. ఈ మెట్టు మీదే కూర్చుంటాను. మోకాళ్లు నావి, నీవి కాదుగా!

అలా చూడకు. పోట్లాటకి రాలేదు. పశువుల డాక్టరమ్మ వచ్చి చూసిందని చెబుదామనొచ్చాను.

ఆఁ, నువ్వు పుట్టింటికి వచ్చేశాకే. నువ్వూ లేవు, నీ మేతా లేదు. మిగిలిన సీమబాతు పిల్లలకి నేనే నూక తడిపి పెట్టాను. అయినా చచ్చాయి! అవే వాచిన కాళ్లు, అదే తెల్ల రెట్ట, అలాగే మెడ నేలకి వాల్చేసి... నీ చేతిలో పోయినట్టే నా చేతిలోనూ పోయాయి. ఇంకేం చెయ్యను? డాక్టరమ్మని పిలిపించాను.

ఆవిడ చచ్చిన పిల్లనొకదాన్ని షెడ్డులో బల్ల మీదే కోసింది. చూడలేకపోయానే తల్లీ! గుండె మీద సున్నం కొట్టినట్టు తెల్లటి పూత. కాలేయం మీదా అదే. కీళ్లలో సుద్ద. "మా కోడలు మేతలో చేపపొడి దండిగా కలిపేదమ్మా, అదే కదూ?" అన్నాను. పరీక్ష చేయిస్తేగానీ చెప్పలేనంది. ముక్కలు ల్యాబుకి పంపింది. నిన్న ఫోన్ చేసింది.

వైరస్‌ట! కిడ్నీల్లో దూరిందట. తిన్నది ఒంట్లో అరిగి ఖర్చయ్యే తీరే మార్చేస్తుందట. బయటికి పోవాల్సిన యూరిక్ యాసిడ్ లోపలే పేరుకుని అలా సుద్ద కడుతుందట. "మీ కోడలు ఏం పెట్టినా పోయేవే. ఆ అమ్మాయిని ఏమీ అనకండి" అంది. అనకండిట! అనడానికి ఇంకేం మిగిలింది గనక?

ఏడుస్తున్నావా? ఏడువు. అన్నాను, కాదనను. పనివాళ్లందరి ముందూ నీ చేతిలో విషముందన్నాను. నీ మొగుడు మేత బకెట్ నీ మీదకి విసిరాడు. చచ్చినవాటిని నీ చేతే గోతిలో వేయించాడు. నువ్వు ఒక్కోదాన్నీ కొంగులో పెట్టుకుని... అబ్బ, అవన్నీ ఇప్పుడెందుకులే.

వాడా? వాడికి తెలీదు. ఫోన్ నాకే వచ్చింది.

ఎందుకు చెబుతానే? పెళ్లాన్ని ఉత్తపుణ్యానికి గెంటేశానని వాడు కుమిలిపోతుంటే కూర్చుని చూడమంటావా? పైగా మొదట నోరు చేసుకుంది ఎవరని నా మీదకి తిరగడూ?

షెడ్డంతా కడిగించాను, మందు కొట్టించాను. కొత్త పిల్లలొస్తున్నాయి. వాటిని సాకడం నీకు చేతనైనట్టు ఎవరికీ చేతకాదు, ఒప్పుకుంటాను. బట్టలు సర్దుకో. వచ్చి వాడి ముందు నిలబడి "తప్పయిపోయింది, ఇంకెప్పుడూ అలా పెట్టను" అను. ఒక్క మాట! వాడు కరిగిపోతాడు. నా కొడుకు సంగతి నాకు తెలీదూ?

చెయ్యని తప్పుకా? చెయ్యలేదని నాకు తెలుసు. ఇప్పుడు నీకూ తెలిసింది. చాలదూ?

ఏయ్, తలుపెందుకు వేస్తున్నావ్? అమ్మాయ్! చూడు, ఇటు చూడు...

వేసుకో. గడియ కూడా పెట్టుకో. తట్టను. ఇంటికెళ్లి వాడితో ఏం చెప్పాలో నాకు తెలుసు. గుమ్మంలో కూర్చుని బతిమాలాను, ఎండలో మాడ్చింది, రానంది, అంత పొగరు అంటాను.

నమ్ముతాడు. అమ్మని కదా.