జోగేశ్వరరావుగారి దగ్గు

ఏంటే హేమశ్రీ, కాలేజీ ప్రాజెక్టని పొద్దుటినుంచీ ఆ అంకెల్లో తల దూర్చేశావు? మన కందిపూడి వారి వీధి బూత్‌లో తొంభయ్యారు శాతం, కాలవ అవతల కొత్త కాలనీలో నలభై రెండా? అందులో వింతేముందే. కాలనీలో ఎవడికి వాడే. ఓటు మానేసి నిడదవోలులో సినిమాకి పోయినా అడిగేవాడు లేడు. ఇక్కడ సిరా లేని వేలితో వీధిలో తిరుగు చూద్దాం, పెళ్ళికి కూడా పిలవరు. ప్రజాస్వామ్యం మీద ప్రేమ అని రాసేవు, కాదు. మన ఇంటిపేరువాడు ఓడిపోతే పక్కవీధి నవ్వుతుందని భయం. ఆ పిచ్చి ఎంతదాకా వెళ్ళిందంటే, మా అత్తగారు, అదే, మీ తాతమ్మ బుజ్జమ్మగారు, పోయిన మనిషిని ఓట్ల కోసం అయిదింటిదాకా బతికించింది. నవ్వుతావేంటి, నిజమే.

ఎనభయ్యొకటి పంచాయతీ ఎన్నికలు. ఆవిడ మరిది దొరబాబు సర్పంచ్‌కి నిలబడ్డాడు. మొగాళ్ళంతా బూత్ దగ్గరే. పొద్దున్న ఎనిమిదింటికి దొరబాబు కన్నతండ్రి జోగేశ్వరరావుగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, అలా ఒరిగిపోయారు. ఇంట్లో ఉన్నది మా అత్తగారూ, కొత్తకోడల్ని నేనూ. నేను నోరు తెరిచానో లేదో, పైటచెంగు నోట్లో కుక్కేసింది. "ఏడిచావంటే చంపేస్తా. మన ఇంటిపేరు ఓట్లు నూట నలభై. కబురు చెవిన పడితే అందరికీ మైల, పదిరోజులు గడప దాటరు. ఓట్లెవరేస్తారు, మీ పుట్టింటివాళ్ళా? వినకపోతే మైల లేదు. నోర్మూసుకో."

ముసలాయన దగ్గు వీధి చివరిదాకా వినబడేదిలే. తొమ్మిదింటికి ఎదురింటి లోవలక్ష్మి రానేవచ్చింది. "ఏం పిన్నీ, పెద్దాయన దగ్గట్లేదేంటివాళ?" అంది. మా అత్తగారు లోపలికెళ్ళి ఖళ్ ఖళ్‌మని దగ్గింది చూడూ, అచ్చం ఆయనే, ఆఖర్న మూలుగుతో సహా! అక్కణ్ణుంచి పావుగంటకోసారి ఆవిడ దగ్గడం, నేను గుమ్మంలో నిలబడి "మందిచ్చామండీ" అనడం. పన్నెండింటికి బూత్ దగ్గర్నుంచి మనవాళ్ళ కుర్రాడు హరిబాబు మడతమంచంతో ఊడిపడ్డాడు. "పెద్దాయన్ని మోసుకెళ్తామండి, మూడు ఓట్లే మిగిలాయి, నూటికి నూరూ కొట్టాలి" అంటాడు. ఆవిడ తొణకలేదే. "తీసుకెళ్ళు బాబూ. రాత్రినుంచీ ఒకటే విరేచనాలు. తలవైపు నేను పడతా, ఆవైపు నువ్వు పట్టు." మంచం కూడా వదిలేసి పారిపోయాడు! మిగిలిన ఆ రెండు ఓట్లంటావా, మావే. తెలిసినవాళ్ళం కదా, మాకు మైల.

అయిదు కొట్టగానే గుమ్మంలోకొచ్చి గుండెలు బాదుకుంది. గొంతు రాదే! దగ్గి దగ్గి పూడిపోయింది. "నువ్వేడువు" అని నాకు సైగ. నేనేడిస్తే, మనవడి పెళ్ళానికే ఇంత ప్రేమా అని వీధంతా నన్ను మెచ్చుకుంది. దొరబాబు పరిగెత్తుకొచ్చి "ఆఖర్న నా ఊసెత్తారా వదినా?" అంటే, ఎత్తారని తలూపింది. పంతొమ్మిది ఓట్లతో గెలిచాడులే.

కానీ పంతులుగారు పంచాంగం తీసి, అయిదింటికి దశమి అన్నారు. ఆయన పోయింది నవమిలో. చెబితే దొరబాబు ఏమైపోతాడు, తండ్రి శవం ఇంట్లో పెట్టుకుని నవ్వుతూ దణ్ణాలు పెట్టానా అని? చెప్పలేదు. కొడుకులు ఏటా దశమినాడే తద్దినం పెట్టారు. ఈవిడకేమో దిగులు, "అసలు రోజున వచ్చి, పొయ్యి వెలగలేదని తిరిగెళ్ళిపోతారే" అని. నోరు చప్పగా ఉందంటూ ఏటా నవమినాడు గారెలు వండి, మొదటి నాలుగూ గోడమీద పెట్టేది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని అడిగింది కూడా అదే...

సర్లే, ఆ కంప్యూటర్ మూసి లే. రేపటికి మినప్పప్పు నానబొయ్యి. మీ అమ్మ అడిగితే, నానమ్మకి తినాలనిపించిందని చెప్పు.