ఫ్యాన్ కింది రైజర్ కార్డు

రిపేరు కొట్టులో మూత తీసిన పాత కంప్యూటర్ ముందు తండ్రీ కూతురూ నిలబడ్డారు.

"ప్రింటింగ్ ప్రెస్సాయనకి ఈ కంప్యూటర్ బోర్డు పోయిందని చెప్పేశా. దీంతో నడిచే ఆయన కట్టింగ్ మెషీన్ ఇక పాత ఇనుముకే. మెషీన్‌ని నడిపే కార్డు తీసి వేరేది పెట్టినా పలకలేదు."

"దేంట్లో పెట్టావు నాన్నా?"

"బోర్డు మీద నిలువుగా ఉన్న ఆ రైజర్ కార్డులోనే. దీనికి వేరే స్లాట్లెక్కడున్నాయి?"

"ఆ రైజరే పోయుంటే?"

"అది ఉత్త నిచ్చెనమ్మా! నిచ్చెనకి జబ్బేంటి? నువ్వు స్క్రూలు ఏరుకో."

"మెట్టు విరగొచ్చుగా! నువ్వు ఫ్యాన్ కింద ఎత్తుకి పెట్టుకున్న ఇలాంటి పాత కంప్యూటర్‌లోంచి ఇందాకే రైజర్ తీసి దీనికి వేశా. స్విచ్చెయ్యి."

తెర మీద మెషీన్ కార్డు పేరు వెలిగింది.

"ఓసి నీ! నా ఫ్యాన్ దింపి నా పరువు నిలబెట్టావే!"

"ప్రెస్సాయన ఫోన్ నాన్నా."

"హలో! కొత్త మెషీన్ కొనకండి, ఇది బాగైంది. బాగుచేసింది నేనా? కాదండీ. ఉండండి, మా మెకానిక్‌కి ఇస్తున్నా... తీసుకోమ్మా, వీధంతా వినపడేలా మాట్లాడు!"