కలోలైనె కింద పరిచిన బట్ట

నా పేరు తోకిలుపే. వయసు యాభై ఎనిమిది. టోంగా రాజ్యం, వవావు దీవిలో ఫంగాతోవో గ్రామం మాది. చెట్టు బెరడును సాగగొట్టి బట్ట చెయ్యడం నా పని. మా ఊరి ఆడవాళ్ళ సంఘానికి పెద్దను. నా మీద వచ్చిన ఫిర్యాదును పోలీసు సార్జెంటు చదివి వినిపించారు. ప్రభుత్వ సొమ్ముతో చేసిన బట్టను నేను కాజేశానని అందులో ఉంది. కాజెయ్యలేదు. పరిచాను. ఎక్కడ పరిచానో, ఎందుకు పరిచానో చెబుతాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు, చెప్పాలని నాకే ఉబలాటంగా ఉంది.

మూడేళ్ళ కిందటి తుఫానులో మా మల్బరీ తోటలన్నీ పోయాయి. తోట పోతే బెరడు పోయినట్టే. పెళ్ళిళ్ళకూ చావులకూ కొట్లో కొన్న దుప్పట్లు పరుచుకునే గతి పట్టింది. అప్పుడు రాజధానిలోని కళల నిధి కార్యాలయం వాళ్ళు మా సంఘానికి గ్రాంటు ఇచ్చారు. ఇచ్చారు, కాదనను. దాంతోనే మళ్ళీ మొక్కలు నాటాం, పాక వేశాం, ఆడపిల్లలకు పని నేర్పాం. వాళ్ళు షరతు పెట్టారు. మేం చేసే మొదటి పెద్ద బట్టను, కొత్త ప్రదర్శనశాల తెరిచేనాటికి, అంటే మొన్న శనివారానికి, అక్కడి గోడకు వేలాడదీయాలి. ప్రజలు చూడాలి. లేకపోతే రెండో ఏటి గ్రాంటు రాదు. గ్రాంటు రాకపోతే పాక మూసుకోవడమే.

ఆ బట్ట మీది గీతలన్నీ కలోలైనె గీసింది. మా అందరిలోకీ పెద్దది. పోయిన సోమవారం ఉదయం చివరి అంచుకు రంగు వేసి, మంచినీళ్ళు అడిగి తాగి, పాకలోనే పక్కకు ఒరిగి కన్నుమూసింది. గ్లాసు ఆవిడ చేతిలోనే ఉంది. మేమంతా ఏడ్చాం. ఏడుస్తూనే లాటాయి నా చెయ్యి పట్టుకుంది. సంఘంలో అందరికన్నా చిన్నది ఆమె.

“అక్కా, ఆవిడ కింద ఏం పరుద్దాం?”

“కళ్ళెదురుగా ఉందిగా. ఇదే.”

“అమ్మో! ఇది సర్కారు బట్ట అక్కా. జైల్లో వేస్తారు.”

“సర్కారు వచ్చి బెరడు నానబెట్టిందా? సర్కారు సుత్తి పట్టి కొట్టిందా? ఏడుపాపి ఆ కొస పట్టుకోవే!”

అందరం తలా ఒక కొస పట్టుకున్నాం. పరచమన్నది నేనే. ఇంకెవరి పేరూ రాయవద్దు.

మంగళవారం మధ్యాహ్నం కార్యాలయం అధికారి వేతెకినా గారు ఫోన్ చేశారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన మండిపడ్డారు.

“అమ్మా, అది ప్రజలు చూడటానికి చేయించిన బట్ట!”

“అయితే రండి బాబూ. ప్రజలంతా ఇక్కడే ఉన్నారు.”

ఆయన ఫిర్యాదు పెట్టింది ఆ తర్వాతే. పెట్టి ఊరుకోలేదు. బుధవారం ఉదయం విమానంలో దిగి, బట్ట పట్టుకుపోతానని నేరుగా చావింటికి వచ్చారు. గుమ్మం దగ్గర ముసలాయన ఫినేయాసి కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్ళ వరస చూసి ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పేది ఆయనే.

“ఎవరబ్బాయివి నాయనా?”

“నేను కళల నిధి కార్యాలయం నుంచి...”

“ఆఫీసు సంగతి అడగలేదు. మీ నాన్నెవరు?”

“సిమోటె. ఈ ఊరు వదిలి చాలా ఏళ్ళయింది.”

“ఓరి నీ! సిమోటె కొడుకువా? అయితే లోపల పడుకున్నది నీ మేనత్తరా! మీ నాన్నకు పెదనాన్న కూతురు. లోపలికి ఎలా పోతావు? పద పద, వెనక్కి నడువు, పొయ్యి దగ్గరికి.”

మేనత్త చనిపోతే మేనల్లుడు ఆ దేహం దగ్గరికి రాకూడదు. చిరిగిన పెద్ద చాప ఒంటికి చుట్టుకుని, ఇంటి వెనక వంటపని చెయ్యాలి. అది ఆయనకూ తెలుసు. ఆవిడ తన మేనత్త అని మాత్రం తెలియదు. ఇస్త్రీ చొక్కా మీద చాప కట్టారు. చేమదుంపలు చెక్కమని కత్తి ఇచ్చారు. కాసేపటికి నేను మంచినీళ్ళు పట్టుకెళ్ళాను. పొగకు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

“అమ్మా, నేను బట్ట కోసం వచ్చాను.”

“లోపలుంది. తెచ్చుకోండి.”

“లోపలికి రాకూడదు కదా.”

“రాకూడదు మరి.”

నాకు నవ్వొచ్చింది. చావింట్లో నవ్వాను, అది తప్పే, రాసుకోండి.

ఊరు ఊరంతా, పక్క దీవులవాళ్ళు కూడా వచ్చి ఆ బట్ట చూశారు. చూడనిది ఒక్క వేతెకినా గారే. మధ్యాహ్నం రెండింటికి దేహాన్ని ఎత్తాక ఆడవాళ్ళం రెండు పక్కలా పట్టుకుని బట్టను సమాధి దాకా మోశాం. ఎండ పడి కలోలైనె గీతలన్నీ పైకి తేలాయి. వంటవాళ్ళతో అందరికన్నా వెనక వస్తున్న ఆయన అప్పుడు చూశారు. “ఇదంతా మా అత్తే గీసిందా?” అని పక్కవాణ్ణి అడిగారట. తర్వాత చేతులతో మొహం కప్పుకున్నారు. నేను తిరిగి చూశాను, బూడిద చేతులతో ఏడుస్తున్నారు.

సమాధి అయ్యాక బట్ట కలోలైనె మేనత్త కూతురు సియునిపాది. చనిపోయినవాళ్ళ మేనత్త కూతురికి మాలో పెద్దరికం. ఆవిడ ఏం చెప్తే అది జరుగుతుంది. ఆవిడ బట్టను ముక్కలు కోసి పంచింది. పాస్టరుకు, వంటవాళ్ళకు, దూరం నుంచి వచ్చినవాళ్ళకు. సార్జెంటు తల్లికి కూడా ఒకటి వెళ్ళింది. ఇది కూడా రాయాలా అని సార్జెంటు అడిగారు. రాయమన్నాను.

చివరికి పెద్ద ముక్క ఒకటి మిగిలింది. సియునిపా వేతెకినా గారిని పిలిపించింది. ఆయన చాపతోనే వచ్చి దూరంగా తల వంచి కూర్చున్నారు.

“ఏరా, బట్ట పట్టుకుపోతానన్నావట?”

“తప్పయిపోయింది. ఇంక అడగను.”

“అడిగితే ఇచ్చేదాన్ని కాదు. ఇప్పుడు ఇస్తున్నాను, తీసుకో. మీ గోడకు కట్టుకో. మీరు చేయించారని రాశావో, చూడు! ‘మా అత్త సాగనంపులో మాకు పెట్టారు’ అని రాయి.”

శనివారం ప్రదర్శనశాల తెరిచారు. గోడ మీద ఆ ముక్క ఉందట, కింద ఆ మాటే ఉందట, జనం వరస కట్టి చూశారట. రేడియోలో చెప్పారు. మా పాకలో మేం ఈలలు వేశాం.

ఈ రోజు ఉదయం వేతెకినా గారు మళ్ళీ ఫోన్ చేశారు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నామని, వాంగ్మూలం ఇస్తే కేసు మూసేస్తారని చెప్పారు. రెండో ఏటి గ్రాంటు కూడా వస్తుందట.

“ఈసారి బట్ట ఎక్కడికి వెళ్తుందమ్మా?” అని అడిగారు.

“ఏమో బాబూ. ఎవరికి పెళ్ళవుతుందో, ఎవరు పోతారో, ఎవరు పుడతారో, వాళ్ళకే.”

“అలాగే. షరతు కొట్టేశాను,” అన్నారు.

నేను చెప్పినదంతా ఇందులో ఉంది, చెప్పనిది ఏదీ చేరలేదు. సార్జెంటు చదివితే విని నిజమని ఒప్పుకుంటున్నాను. నాకు సంతకం వచ్చు. కానీ కొత్త బట్ట పని మీద నుంచి అలాగే వచ్చాను, చేతులు రంగులో ఉన్నాయి. అందుకని వేలిముద్రే వేస్తున్నాను, సిరా అక్కర్లేదు.

తోకిలుపే, ఎడమచేతి బొటనవేలి ముద్ర.