కొలిచే కొలువులో ముప్ఫయ్యొక్క సీజన్లు: శ్రీ మెర్విన్ ఓడ్జర్స్ గారు

1994 ఫిబ్రవరి 7వ తేదీ సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు శ్రీ మెర్విన్ ఓడ్జర్స్ గారు జీలాంగ్‌లోని మన జాతీయ టూరింగ్ కార్ల ఛాంపియన్‌షిప్ సాంకేతిక తనిఖీ విభాగంలో, టైర్లకు ముద్రలు వేసే గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించారు. ఎనిమిదీ పదికి తొలి టైరు మీద ముద్ర వేశారు. ఎనిమిదీ పన్నెండుకు తన కొత్త చొక్కా మీద వేసుకున్నారు. ఆ చొక్కాను ఆయన ధర్మపత్ని ఐలీన్ గారు నేటికీ బీరువాలో భద్రపరిచారంటే, ఈ సంస్థ ముద్ర ఆ కుటుంబం మీద ఎంత గాఢంగా పడిందో సభికులు ఊహించుకోవచ్చు.

ఆనాటి మన విభాగమంటే రెండు కుర్చీలు, ఒక కెటిల్, ఒక రేకుల షెడ్డు. కుర్చీలు పై అధికారులవి, కెటిల్ అందరిదీ, షెడ్డు జనవరి నడివేసవి ఎండది. అటువంటి చోట నిలబడి, ఎవరి టైరు ఎవరిదో, ఎవరి ఇంధనంలో ఏమి కలిసిందో, ఎవరి మాటలో ఎంత గాలి ఉందో కనిపెట్టే విద్యను ఆయన స్వయంకృషితో సాధించారు. 1999లో తనిఖీదారుగా, 2006లో ప్రధాన తనిఖీదారుగా పదోన్నతి పొందారు. పదవి పెరిగిన కొద్దీ మనిషి మాట తగ్గింది. ఆయన మూడు ముక్కలు మాట్లాడితే అందులో రెండు "ఇంకోసారి చూద్దాం" అనేవే.

ఆయన ప్రధాన తనిఖీదారు అయిన ఏడాదే ఎత్తు నిబంధన వచ్చింది. కారు నేలబారుగా ఉన్నకొద్దీ మలుపులో దాని పట్టు పెరుగుతుంది గనుక, కారు అడుగుకూ నేలకూ మధ్య కనీసం నూరు మిల్లీమీటర్ల ఖాళీ ఉండి తీరాలని సంస్థ శాసించింది. ఎత్తు తగ్గించడానికి జట్లన్నీ ఎత్తులు వేస్తున్న కాలమది. మెర్విన్ గారు సరిగ్గా నూరు మిల్లీమీటర్ల అల్యూమినియం దిమ్మనొకదాన్ని లేత్ మీద చేయించి, దూరానికి కూడా కనబడేలా పసుపు రంగు వేయించారు. పోటీ ముగిశాక ఆ దిమ్మను కారు కిందకు తోస్తారు. దూరితే కారు నిలిచినట్టు, దూరకపోతే ఫలితం పోయినట్టు. అప్పీళ్లూ వాదోపవాదాలూ ఉన్న క్రీడలో ఆ పసుపు దిమ్మ ముందు మాత్రం అందరూ నోరు మూసుకునేవారు. కొలవడమంటే లెక్క చూడటమూ అవుతుంది, ఆరాధించడమూ అవుతుంది. ఆయన ఆ దిమ్మతో కార్లనూ కొలిచారు, ఆ దిమ్మనూ కొలిచారు.

ఇక ఆయన కొలువులో చివరిదైన 2024 సీజన్ సంగతి. ఎనిమిది అంచెల పోటీలో తొలి అంచె నుంచే రెండు జట్ల నడుమ పోరు బిగిసింది. ఒకటి టాస్మేనియాలోని లాన్సెస్టన్‌కు చెందిన శ్రీమతి గ్లెనిస్ బర్గోయిన్ గారి జట్టు. ఒక్కటే కారు, తన టైర్ల దుకాణం వెనకే వర్క్‌షాప్, స్టీరింగు పట్టేది కూతురు టెగన్. రెండవది గ్రిఫిత్‌కు చెందిన రోకో ఫెడెలీ గారి జట్టు. రెండు కార్లు, మూడు ట్రక్కులు, వీటన్నిటినీ అదుపులో పెట్టే ఎనభై రెండేళ్ల తల్లి. పెర్త్ వానలో టెగన్ గెలిస్తే, టౌన్స్‌విల్ ఎండలో ఆమె గేర్‌బాక్స్ ముక్కలై ఫెడెలీ జట్టు ముందుకు పోయింది. చివరి అంచెకు వచ్చేసరికి ఫెడెలీ జట్టు పదకొండు పాయింట్ల ఆధిక్యంలో ఉంది.

నవంబరు 24, ఆదివారం. వాగా వాగా దగ్గరి కూలబా పార్క్‌లో ఆఖరి పోటీ టెగన్ గెలిచింది. లెక్క కట్టి చూస్తే అయిదు పాయింట్లతో ఛాంపియన్‌షిప్ కూడా తనదే. కప్పు చేతికందింది, తల్లీ కూతుళ్లు ఏడ్చారు, చూసినవాళ్లకూ కళ్లు తడిశాయి. అక్కడి నుంచి కారు తనిఖీ షెడ్డుకు వచ్చింది. మెర్విన్ గారు వంగి దిమ్మను తోశారు. ముందు చక్రాల మధ్యకు వెళ్లి అది ఆగిపోయింది.

"కింద రాయేదో ఉన్నట్టుంది మెర్వ్, ఓసారి చూడు," అన్నారు గ్లెనిస్ గారు.

నేల ఊడ్చారు. తోశారు. ఆగింది. కారును వెనక్కి తోసి, ముందుకు తెచ్చి, మళ్లీ తోశారు. మళ్లీ ఆగింది.

"ఎంత తక్కువ?" అంది టెగన్.

"వెంట్రుకవాసి తల్లీ."

"వెంట్రుకవాసికి ఏడాదంతా పోతుందా అంకుల్?"

"పోతుంది," అన్నారు మెర్విన్ గారు. దిమ్మను బయటకు లాగారు.

గ్లెనిస్ గారు కప్పును బల్ల మీద పెట్టారు. అభ్యంతరం చెప్పుకోవడానికి డిసెంబరు 6 శుక్రవారం సాయంత్రం అయిదు దాకా గడువుందని, అప్పటివరకు కారు ఇదే షెడ్డులో సీలు వేసి ఉంటుందని ఉప తనిఖీదారు దాలియా హద్దాద్ గారు గుర్తుచేశారు.

"అప్పీలు చెయ్యనమ్మా," అన్నారు గ్లెనిస్ గారు. "కొలిచింది మెర్వ్. ఇంక అడగడానికేముంది?"

మర్నాడు కప్పు గ్రిఫిత్ చేరింది.

పది రోజుల తర్వాత, డిసెంబరు 4, బుధవారం. మెర్విన్ గారి వీడ్కోలుకు కానుకగా ఆ పసుపు దిమ్మను నల్లచెక్క ఫలకంలో బిగించి ఇవ్వాలని దాలియా గారు సంకల్పించి, బాస్టియన్ అనే వడ్రంగికి అప్పగించారు. అతను ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, నూరన్నారు. జారడానికి ఉంటుందని నేను ఇంకో అర మిల్లీమీటరు ఎక్కువే తొలిచాను. మీ దిమ్మ దూరట్లేదే! నా చెక్క ఉబ్బిందా, మీ దిమ్మ ఒళ్లు చేసిందా?"

దాలియా గారు పకపకా నవ్వి ఎదురుగా ఉన్న మెర్విన్ గారితో అన్నారు: "విన్నారా సార్? రిటైర్మెంట్ దగ్గర పడేసరికి మీ దిమ్మకి కూడా పొట్ట వచ్చిందట."

ఆయన నవ్వలేదు. టీ కప్పు కింద పెట్టారు. వెర్నియర్ కాలిపర్స్ జేబులో వేసుకుని నేరుగా బాస్టియన్ వర్క్‌షాపుకు నడిచారు. ఒకసారి కొలిచారు. "ఇంకోసారి చూద్దాం," అన్నారు. అయిదుసార్లు చూశారు. అయిదుసార్లూ నూటొకటి పాయింట్ నాలుగు.

సంగతి ఇది. ఏటా షెడ్ల గచ్చు మీద ఈడ్చి ఈడ్చి దిమ్మ గీతలు పడేది. దాన్ని అలా చూడలేక, ప్రతి జనవరిలోనూ సీజన్ మొదలయ్యే ముందు మెర్విన్ గారు ఇంటి వరండాలో కూర్చుని పైనా కిందా ఒక పూత పసుపు రంగు వేసేవారు. పూత ఉల్లిపొర కన్నా పల్చన. కానీ పద్దెనిమిది జనవరులు గడిచాయి. తూకం యంత్రాలకు ఏటా పరీక్ష ఉంది, ఒత్తిడి మీటర్లకు పరీక్ష ఉంది. లోహపు దిమ్మ పెరుగుతుందా, తరుగుతుందా అని దాని జోలికి ఎవరూ పోలేదు. మిగతా జట్లు ఎప్పుడూ రెండు మిల్లీమీటర్లు అదనంగా వదిలేవి గనుక తేడా తెలియలేదు. ఆ ఆఖరి పోటీకి టెగన్ ఒక్కతే నిబంధనను నమ్మి, నూరు దాటీ దాటకుండా కారు నిలబెట్టింది.

"ఏముందీ, గీకేస్తే పోలా?" అన్నాడు బాస్టియన్. "పది నిమిషాలు. చక్కగా నూరుకి తెచ్చిస్తా, ఎవరికి తెలుస్తుంది?"

"గీకితే రంగు పోతుంది బాస్టియన్. ఆ పిల్ల కప్పు తిరిగి రాదు," అన్నారు మెర్విన్ గారు.

పదవీ విరమణకు పదహారు రోజులున్నాయి. ఫలితం ఖాయం కావడానికి రెండు రోజులున్నాయి. నోరు మెదపకపోతే శుక్రవారం అయిదింటికి సీలు తీస్తారు, కారు టాస్మేనియా ఓడ ఎక్కుతుంది, పంతొమ్మిదేళ్ల పేరుకు గీత కూడా పడదు. నోరు విప్పితే ఆ పేరు ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. కప్పు ఎవరికి పోయినా పోనీ, తప్పు మాత్రం కప్పడానికి వీల్లేదని ఆయన నిశ్చయించుకున్నారు. ఆ మధ్యాహ్నమే విచారణాధికారులకు లేఖ రాశారు. ఎత్తు కారణంగా ఇన్నేళ్లలో వేటుపడిన మరో మూడు కార్ల కాగితాలనూ తవ్వి తీసి జతచేశారు. అవి పూతలు పడని తొలి సంవత్సరాలవి, పైగా వేలి మందాన కిందికి ఉన్నవి. అన్యాయం ఒక్క టెగన్‌కే జరిగింది. తర్వాత గ్లెనిస్ గారికీ రోకో గారికీ స్వయంగా ఫోన్ చేశారు. 

శుక్రవారం పదకొండు గంటలకు అందరూ కూలబా పార్క్ షెడ్డులో చేరారు. మెల్‌బోర్న్ ప్రయోగశాల ధ్రువీకరించి పంపిన కొత్త దిమ్మ, రంగూ రుచీ లేనిది, బల్ల మీద ఉంది. సీలు విప్పారు. తాను తోయనని మెర్విన్ గారు పట్టుబట్టడంతో దాలియా గారు వంగి తోశారు. దిమ్మ ఎక్కడా ఆగకుండా కారు ఈ పక్క నుంచి ఆ పక్కకు జారిపోయింది.

టెగన్ కారు బానెట్ మీద తల ఆనించి అలాగే ఉండిపోయింది.

"క్షమించు తల్లీ," అన్నారు మెర్విన్ గారు.

"అమ్మ అప్పీలు చెయ్యనన్నప్పుడు రెండు రోజులు తనతో మాట్లాడలేదు అంకుల్," అంది టెగన్, తల ఎత్తకుండానే. "ఇప్పుడు అమ్మకెలా ముఖం చూపించను?"

"ముందు భోజనం పెట్టించు, తర్వాత చూపిద్దువుగాని," అన్నారు గ్లెనిస్ గారు కళ్లు తుడుచుకుంటూ.

అప్పుడు రోకో గారు లోపలికి వచ్చారు. కప్పును ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కట్టి మరీ తెచ్చారు. రెండు చేతులతో పట్టుకుని, మెర్విన్ గారి ఎదుట నిలబడ్డారు.

"పదకొండు రోజులు ఛాంపియన్‌ని నేను. ఊళ్లో బ్యానర్ కట్టారు. మా అమ్మ ఇందులో ఆలివ్ కాయలు ఊరేసింది. తెలుసా నీకు?"

"తప్పు నాది రోకో."

"నీదే. ఇంకెవడైనా వచ్చి రంగూ గింగూ అని కబుర్లు చెబితే నలుగురు లాయర్లని దింపేవాణ్ణి. ఫోన్‌లో నీ గొంతు విని మా అమ్మ ఒక్క మాట కూడా అడగలేదు, లేచి వెళ్లి కప్పు కడిగింది." ఆయన కప్పును టెగన్ చేతిలో పెట్టారు. "వెల్లుల్లి వాసన వస్తే ఏమనుకోకమ్మా. రెండుసార్లు తోమింది, పోలేదు."

ఫలితం సవరిస్తూ విచారణాధికారులు రాసిన ప్రకటనలో 'పరికర దోషం వలన' అని ఉంది. మెర్విన్ గారు కలం తీసి 'పరికర' అన్న మాట కొట్టివేసి, పైన 'ప్రధాన తనిఖీదారు' అని రాసి, సంతకం చేసి, తామే నోటీసు బోర్డుకు అంటించారు. బయటకు వస్తుంటే రోకో గారు ఆయన భుజం పట్టుకున్నారు.

"ఇంకో ఏడాది ఉండు మెర్వ్. నువ్వు కొలిచి ఓడించావనుకో, ఇంటికెళ్లి నిద్రపోతాను. కొత్తవాడు కొలిచి గెలిపించినా నాకు నిద్ర పట్టదు."

"ఐలీన్‌కి మాటిచ్చాను," అన్నారు మెర్విన్ గారు. ఆ మాట మాత్రం ఆయన ఒక్కసారే అన్నారు.

డిసెంబరు 20న శ్రీ మెర్విన్ ఓడ్జర్స్ గారు పదవీ విరమణ చేస్తున్నారు. ఓడిన జట్టే ఉండమని అడిగిన తనిఖీదారు ఈ క్రీడలో ఇంతకు ముందున్నట్టు మాకెవరికీ తెలియదు. ముప్ఫయ్యొక్క సీజన్లపాటు ఆయన వేలాది కార్ల ముందు వంగారు గాని వాటి యజమానుల ముందు వంగలేదు. అంతగా వంగిన ఆ నడుమూ, నేలకానిన ఆ మోకాళ్లూ ఇకనైనా విశ్రాంతికి నోచుకోవాలని, ఐలీన్ గారి పక్కన ఆయన నిటారుగా, నిబ్బరంగా, సంపూర్ణ ఆరోగ్యంతో సుదీర్ఘకాలం నడవాలని, ఆ నడకకు ఎవరూ గడువు పెట్టకూడదని ఈ విభాగం యావత్తూ మనసారా కోరుకుంటోంది.