దేవుడు జెప్పలే, నేనే నేర్సుకున్న

“అమ్మమ్మా, ఊర్లె అందరు నీకు పూనకమొస్తదంటున్నరు, నిజమేనా?”

ఎవలన్నరే గా మాట? పూనకమట! ఏడాది సంది పొద్దుగాల లేశి, మొగులు జూసి, నోట్‌బుక్కుల రాసుకుంటున్న గద, అది వీళ్ల కండ్లవడలే. నాలుగో తరగతి సదివినదాన్ని, నాకు రాసుడు రాదా ఏంది?

మొదలువెట్టింది నీ ఫోన్‌తోనే గద. నేను మోకాలు నొచ్చి మంచంల వడ్డప్పుడు నువ్వు మబ్బుల వీడియో వెట్టియ్యలే? ఇగ జూసినకొద్ది మనసు గుంజింది. కోడీకెల లెక్క సన్నగుండేటివి ఒక తీరు, గోబిపువ్వు లెక్క ఉబ్బేటివి ఒక తీరు. అరవై ఏండ్లు గా మొగులు కిందనే కలుపు దీసిన, ఒక్కనాడన్న తలెత్తి సక్కగ జూసిన్నా? మా బాపుకు ఎరుకనే ఉండె. ఏ మొగులుకు వానొస్తదో జెప్పు బాపూ అంటె, ఆడివిల్లవు, నీకెందుకే అనేటోడు. మంచోడే, కాని గా మాటకు నాకిప్పటికి కోపమే.

ఆఁ, ఏం జెప్తున్న... మొన్న ఎండకాలం యాసంగి వరికోతలు. సుల్తానాబాద్ తొవ్వల వడ్లు కొనే సెంటర్ కాడ ఊరందరం వడ్లు ఎండవోసినం. మూడు గొట్టంగ పడమటి దిక్కు ఒక మొగులు లేశింది. లేశి, లేశి, పైన సాపుగ పరుసుకున్నది. గాలి ఉన్నట్టుండి ఆగింది. గట్లయితె ఉరుముల వాననే అని నేను నేర్సుకున్న గద. కుప్పలు జెయ్యుండ్రి, పరదలు గప్పుండ్రి అని ఒర్రిన. ఎండేమో ఫెళఫెళ గొడుతుండె. సెంటర్ ఆయన “ఫోన్ల వాన లేదు, ఇంటికి వోయి పండుకో అవ్వా” అన్నడు. అందరు నవ్విండ్రు. మీ తాత గూడ నవ్విండే! నా మొగడు!

సైదాబీ ఒక్కతే లేశింది. వాళ్లాయన పోయినంక ఒంటిగ ఎవుసం జేస్తది ఆమె. “జర పట్టు అక్కా” అనుకుంట వచ్చింది. ఆమె కుప్ప, నా కుప్ప ఇద్దరం గలిసి గప్పినం. మోకాలు నొప్పి యాదికే లేదు. పరద మీద ఆఖరి రాయి వెట్టంగనే సల్లగాలి, ఎన్కనే రాళ్లవాన. కండ్ల ముంగట ఊరి వడ్లు నీళ్లల్ల కొట్టుకవోయినయ్. నేను సంబరవడ్డననుకుంటున్నవా? ఏడ్చిన. ఒక్క మాట ఇంటె వీళ్లదేం పోయేది?

తెల్లారి నవ్వినోళ్లే కొబ్బరికాయలు పట్టుకొని వచ్చిండ్రు! “దేవుడు నీకు జెప్పిండు, మా పిల్ల లగ్గానికి వానొస్తదా అవ్వా” అని. మొక్కేదుంటె వేములవాడ వోయి రాజన్నకు మొక్కుండ్రి, నాకెందుకు అన్న. నేను జూసిన, రాసిన, నేర్సుకున్న. ముసల్ది నేర్సుకున్నదనెటందుకు నోరు రాదు, దేవుడొచ్చిండంటె మాత్రం దండం వెడతరు!

మల్ల ఓనాడు వానొస్తదన్న, రాలే. దేవుడు ఇడిసిపెట్టి పోయిండన్నరు. ఏం మనుషులే! తప్పైతె తప్పని ఎర్రపెన్నుతోని రాసుకున్న. ఎందుకు తప్పిందో నేను, సైదాబీ ఇంక తండ్లాడుతనే ఉన్నం. ఆమె రోజు పొద్దుమీకి వస్తది, ఇద్దరం గద్దె మీద కూసుంటం. గాలి యాడికెళ్లి వస్తున్నదో ఆమెకు నాకన్న మంచిగ దొరుకుతది.

మీ తాతనా? లేవంగనే “ఏమంటున్నది నీ మొగులు” అంటడు. నేను జెప్ప. నీ కండ్లతోని నువ్వే జూడు అంట. ఇప్పుడిప్పుడే జూస్తుండు పాపం...

నువ్వు నూరేండ్లు సల్లగ బతుకు బిడ్డా. నువ్వు ఏది నేర్సుకున్నా, నువ్వు నేర్సుకున్నవనే లోకం అనాలె.